లచ్చన్న మిస్త్రీ సొరుగులు

వానలు మొదలైతే, పోర్ట్ బ్లెయిర్ దగ్గరి పల్లె చౌల్దారీలోని నా మెకానిక్ షాపులో ఇనుమంతటికీ చెమట పడుతుంది. గోడకు వేలాడే రెంచీల మీద, రైతులు వదిలివెళ్లిన పంపుసెట్ల మూతల మీద, పనిముట్ల పెట్టె రేకు మీద సన్నని నీటి పొర పరుచుకుంటుంది. మొన్న పొద్దున షట్టరు ఎత్తి పెట్టెలో ఒక సొరుగు లాగాను. సగం దూరం మామూలుగానే వచ్చి, ఆ తర్వాత ఇసుక నమిలినట్టు కరకరలాడింది. ఇక ఆ చప్పుడు విన్నాక నాకు వేరే పని మీద మనసు నిలవదు. సొరుగును చివరిదాకా లాగి, రెండు పక్కలా ఉండే నల్లటి ప్లాస్టిక్ నాలుకల్లో ఒకదాన్ని పైకీ ఇంకోదాన్ని కిందకీ ఒకేసారి నొక్కి, సొరుగును ఊడదీసి బల్ల మీద పెట్టాను. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో లోపలి పాత గ్రీజును తుడవగానే ఆ వాసన గుప్పుమంది. ముదిరిన గ్రీజు, కిరసనాయిలు, ఉప్పుగాలి తిన్న ఇనుము, మూడూ కలిసిన వాసన. అది ముక్కుకు తగిలితే నేను చౌల్దారీలో ఉండను. జంగ్లీఘాట్‌లో, సముద్రానికి పది అడుగుల దూరంలో, లచ్చన్న మిస్త్రీ రేకుల షెడ్డులో నేల మీద కూర్చుని ఉంటాను.

ఆయనను మీరు చూసి ఉండరు. పోర్ట్ బ్లెయిర్‌లో మా జంగ్లీఘాట్ దాటితే ఆయన పేరు తెలిసినవాళ్లు కూడా తక్కువే. కళింగపట్నం దగ్గర ఒక పల్లె నుంచి మీసాలు రాని వయసులో ఓడెక్కి వచ్చాడట. మా తాతల కాలం నుంచీ అక్కడి వాళ్లు ఇక్కడికి వలలతో వస్తూనే ఉన్నారు. ఈయన మాత్రం వల పట్టలేదు. పడవలకు ఇంజన్లు బిగించడం మొదలైన రోజుల్లో ఒక మిస్త్రీ దగ్గర చేరి పని నేర్చుకుని, చివరికి సొంత షెడ్డు వేసుకున్నాడు. పొట్టి మనిషి. మెడ లేనట్టు తల నేరుగా భుజాల మీద కూర్చున్నట్టుండేది. పలకరిస్తే పలికేవాడు కాదు, పలకరించకపోతే గుర్రుమనేవాడు. ఆయన షెడ్డులో అన్నింటికంటే విలువైన వస్తువు ఒక ఎర్రటి ఉక్కు పెట్టె. ఏదో విదేశీ ఓడను విప్పేటప్పుడు దాని ఇంజన్ గది నుంచి వచ్చిందది. నా భుజాలంత ఎత్తు, ఆరు సొరుగులు, అన్నింటికీ కలిపి ఒకటే తాళం. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది.

నేను ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివాను. మా బ్యాచికి నేనొక్కదాన్నే ఆడపిల్లను. పాసయ్యాక పని కోసం తిరగని షెడ్డు లేదు. కొందరు నవ్వారు, కొందరు మర్యాదగా టీ ఇప్పించి పంపారు. చివరికి లచ్చన్న మిస్త్రీ దగ్గరికి వెళ్లాను. మా అయ్యకు ఆయన వరసకు తమ్ముడవుతాడు కాబట్టి నాకు బాబాయ్. ఆయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇంజను మొయ్యగలవేటి?" అన్నాడు. "ఇద్దరం కలిసి మోద్దాం బాబాయ్" అన్నాను. లోపల టీ కాస్తున్న వాళ్లావిడ నూకాలమ్మ పిన్ని ఫక్కున నవ్వింది. ఆ నవ్వే నన్ను గట్టెక్కించిందని ఇప్పటికీ అనుకుంటాను. ఆయన చిరాగ్గా, "ఠీక్ హై, రేప్పొద్దున రా. ఇంజను జోలికి మాత్రం ఎల్లకు" అన్నాడు.

ఇంజను జోలికి వెళ్లనివ్వలేదు కూడా. మర్నాడు నాకు అప్పజెప్పిన పని ఆ పెట్టె సొరుగులు. సొరుగు ముందుకీ వెనక్కీ జారడానికి రెండు వైపులా ఇనుప పట్టాలుంటాయి. వాటిని మేము చానల్ అంటాం. ఒక పట్టా లోపల ఇంకో పట్టా, వాటి మధ్య వరసగా బఠాణీ గింజలకంటే చిన్న ఉక్కు గోళీలు. ఆ గోళీలు తిరిగినంతకాలం ఎంత బరువున్న సొరుగైనా చిటికెన వేలితో లాగితే వచ్చేస్తుంది. సముద్రం పక్కన అవి ఊరికే తిరగవు. ఉప్పుగాలి, ఇసుక, ఇంజన్ల పొగ అన్నీ వెళ్లి గ్రీజుకు అంటుకుని నల్లటి బంకలా తయారవుతాయి. ఆ బంకను కిరసనాయిలుతో కడగాలి. పాత పళ్లబ్రష్షుతో గోళీల సందుల్లో రుద్దాలి. పూర్తిగా ఆరేదాకా ఆగాలి. తర్వాత వేలి కొసతో గ్రీజు తీసుకుని, రాసీ రాయనట్టు రాసి, చానల్‌ను ముందుకీ వెనక్కీ ఆడించాలి. మొదటి రోజు నేను ఉదారంగా బోలెడు గ్రీజు పూశాను. ఆయన చూసి, "అరే, ఇది ఇనుమా, పులిహోరా? అంత కలిపేసినావు! రేపటికి ఊళ్లో దుమ్మంతా ఇక్కడే కాపరం పెడతాది" అని మొత్తం తుడిపించాడు.

ఒక సొరుగు అయ్యాక ఇంకోటి. ఆరూ అయ్యేసరికి మొదటిది మళ్లీ కరకరలాడేది. అలా వర్షాకాలం గడిచిపోయింది. ఆయన నా పక్కనే ఇంజన్లు విప్పుతుంటే కళ్లతోనే చూసుకునేదాన్ని. ఇంటికి వెళ్లి అమ్మ మీద అరిచేదాన్ని. ఇప్పుడు ఎవరికైనా ఈ సంగతి చెబితే, "చూశావా, నీకు ఓర్పు నేర్పడానికే అలా చేశాడు" అంటారు. నాకు నవ్వొస్తుంది. అలాంటిదేమీ లేదు. ఆడపిల్ల ఇంజను బాగుచెయ్యగలదన్న నమ్మకం ఆయనకు లేదు, అంతే. ఆ మాట తర్వాత ఆయనే నాతో చెప్పాడు.

అయితే ఆ నెలల్లో చానళ్లతో నాకు చుట్టరికం కుదిరింది. ఏ సొరుగు ఏ పక్కకు వాలుతుందో, దేని నాలుక బిగుసుకుంటుందో, దేనిలో రెండు గోళీలు రాలిపోయి చోటు ఖాళీగా ఉందో నా వేళ్లకు తెలిసిపోయింది. ఆయన గురించి కూడా తెలిసింది. లచ్చన్న మిస్త్రీ పనిముట్టు ఎవరికీ ఇవ్వడు. మా వీధి చివర ఉండే అప్పల్రాజు భయ్యా ఒకరోజు పడవను అలలకు వదిలేసి పరుగెత్తుకొచ్చి, "బాబాయ్, ప్లగ్గు పానా ఒక్కపాలి ఇయ్యి, ఇప్పుడే తెచ్చీస్తాను" అని బతిమాలాడు. ఆయన సొరుగు మూసి తాళం తిప్పాడు. అప్పల్రాజు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. నా మొహం చూసి ఏమనుకున్నాడో, కాసేపయ్యాక బాబాయే అన్నాడు. "నా ఉస్తాదు పానా ఒకడికి ఇచ్చినాను నాను. ఆడు దాన్ని సముద్రంలో పడేసినాడు. ఉస్తాదు నన్ను పనిలోంచి పంపీసినాడు. నలబై రోజులు జెట్టీలో పడుకున్నాను. అప్పట్నుంచి బస్, ఎవ్వుడికీ ఇవ్వను."

మూసి తాళం వేసినది పెట్టె ఒక్కటే కాదు. ఆయనకు ఒక కూతురుంది, సుజాత. నాకంటే కొంచెం పెద్దది. దక్షిణాన ఇంకో దీవిలో, హట్ బేలో ఉండే ఒక బెంగాలీ అబ్బాయిని ఇష్టపడి, తండ్రి వద్దంటే వినకుండా పెళ్లి చేసుకుని ఆ దీవికి వెళ్లిపోయింది. మా దీవుల్లో అలాంటి పెళ్లిళ్లు వింత కాదు. ఒక వీధిలో అయిదు భాషలుంటే అయిదు రకాల కోడళ్లుంటారు. అయినా ఆయన పెళ్లికి వెళ్లలేదు. ఆ తర్వాత కూతురి పేరు ఎత్తలేదు. నూకాలమ్మ పిన్ని మాత్రం కూరగాయలకని వెళ్లి బూత్ నుంచి ఫోన్ చేసి వచ్చేది. ఆయనకు ఆ సంగతి తెలుసని నాకు తెలుసు. ఎందుకంటే పిన్ని సంచీలో కూరలు లేకుండా తిరిగొచ్చినా, కూరలేవని ఆయన ఒక్కనాడూ అడగలేదు.

సునామీ వచ్చిన ఆ డిసెంబరు ఆదివారం పొద్దున భూమి ఊగింది. మా ఇల్లు మెట్ట మీద కాబట్టి మేము బతికాం. బయటికి పరుగెత్తి నిలబడి చూస్తుండగానే సముద్రం ఒడ్డు దాటి వీధుల్లోకి నడిచొచ్చింది. అల అని అందరూ అంటారు గానీ నాకు అది అలలా అనిపించలేదు. నిండిన కుండ అంచు దాటి పొంగినట్టు, ఆగకుండా, చప్పుడు పెద్దగా లేకుండా వచ్చింది. పడవలు ఇళ్ల మధ్యకు వచ్చి గోడలకు కొట్టుకున్నాయి. లచ్చన్న బాబాయ్, పిన్ని మెట్లెక్కి మా ఇంటికే వచ్చారు. ఆయన కింద మునుగుతున్న షెడ్డు వైపు చూడలేదు. దక్షిణం వైపు, ఏమీ కనబడని వైపు చూస్తూ నిలబడ్డాడు. హట్ బే అటువైపే.

మర్నాడు నీళ్లు దిగాక షెడ్డుకు వెళ్లాం. ఒక గోడ లేదు. ఎర్ర పెట్టె బురదలో బోర్లా పడుంది. అప్పటికే వాకిట్లో మనుషులు చేరారు. ఒకడు భుజం మీద, ఒకడు తోపుడుబండి మీద, ఉప్పునీళ్లు తాగిన ఇంజన్లు తెచ్చుకున్నారు. ఉప్పునీళ్లు లోపల నిలిచిన ఇంజను రెండు మూడు రోజుల్లో బిగుసుకుపోతుంది. ఆ తర్వాత తుక్కుకే. పడవలు పోయినవాళ్లకు మిగిలింది ఆ ఇంజనే. వెంటనే విప్పి కడగాలి. విప్పడానికి పానాలు కావాలి. ఊళ్లో మిగిలిన పానాలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

నలుగురు పట్టి పెట్టెను నిలబెట్టారు. తాళం తిరిగింది గానీ ఒక్క సొరుగూ కదల్లేదు. చానళ్ల నిండా మెత్తటి సముద్రపు ఇసుక దిగిపోయింది. ఇద్దరు పట్టుకుని లాగితే ఒక పిడి ఊడి చేతికొచ్చింది. అప్పల్రాజు గునపం పట్టుకొచ్చి, "బాబాయ్, పొడిచీమంటావా?" అన్నాడు. లచ్చన్న బాబాయ్ ఆ గునపం వైపు, పెట్టె వైపు చూసి, చివరికి నా వైపు చూశాడు. ఆయన నన్ను అలా చూడటం అదే మొదలు.

"పద్మా, తెరవగలవేటి?"

"గునపం పెడితే సొరుగులు వంకరపోతాయి బాబాయ్. ఇంక అసలు రావు. నాకు మంచినీళ్లు కావాలి" అన్నాను.

మంచినీళ్లంటే ఆ రోజు మాటలు కాదు. కొళాయిలు రావడం లేదు. బావుల్లో ఉప్పునీళ్లు కలిశాయి. ట్యాంకరు కోసం ఆడవాళ్లు ఆ రోజు తెల్లవారకముందే బిందెలు పెట్టి కాచుక్కూర్చున్నారు. ఎవరో వెనకనుంచి, "పిల్లలకు తాగడానికి లేవు, ఇనుముకు పోస్తారేటి?" అన్నారు. నూకాలమ్మ పిన్ని వెళ్లి తను దొరకబుచ్చుకున్న బిందె ఎత్తుకొచ్చి నా ముందు దించింది. "పొయ్యవే అమ్మా. ఇంజను నడవకపోతే రేపు కుండలో ఉడకడానికి ఏటుంటాది?" అంది. ఇంకో ఇద్దరు సగం సగం బిందెలు తెచ్చారు.

పై సొరుగులోనే గోళీలు రెండు రాలి చానల్ వదులుగా ఉండేది. అందుకని అక్కడ మొదలుపెట్టాను. సందుల్లో సన్నగా నీళ్లు పోసి ఇసుకను వదులు చేసి, ఆ వెనకే డీజిల్ పోసి నానబెట్టాను. లాగలేదు. ఇరుక్కున్న సొరుగును ముందు లోపలికి నెట్టాలి. వెంట్రుకంత లోపలికి వెళితే, వెంట్రుకంత బయటికి వస్తుంది. కర్రసుత్తితో మెల్లగా కొడుతూ, లోపలికీ బయటికీ ఆడిస్తూ పోయాను. ఇసుక నలిగే చప్పుడు మెల్లగా మారి, ఒక్కసారి గోళీ దొర్లిన చప్పుడు వినిపించింది. సొరుగు బెత్తెడు ముందుకొచ్చింది. నాలుకలు నొక్కి దాన్ని ఊడదీశాక, ఆ ఖాళీలోంచి చెయ్యి లోపలికి పెట్టి రెండోదాని చానళ్లు పై నుంచే కడిగాను. మధ్యాహ్నానికి ఆరు సొరుగులూ నేల మీద వరసగా ఉన్నాయి. నా మోచేతులు రేకు అంచులకు గీసుకుపోయి రక్తం కారుతున్నాయి. అది పిన్ని చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు.

అప్పుడు లచ్చన్న బాబాయ్ చేసిన పని మా వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన సొరుగుల ముందు గొంతుక్కూర్చుని ఒక్కో పానాను లుంగీ చెరగుతో తుడిచి, ఒక్కో మనిషికి అందించడం మొదలుపెట్టాడు. ఎవరికి ఏది ఇస్తున్నదీ చూసుకోలేదు. ప్లగ్గు పానా అప్పల్రాజు చేతిలో పెట్టాడు. అప్పల్రాజు దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"సాయంత్రానికి తెచ్చీస్తాను బాబాయ్."

"తేకపోయినా ఛోడో. ముందు ఇంజను విప్పు, జల్దీ."

నాకేమీ ఇవ్వలేదు. వేలితో ఒక ఇంజను చూపించి, "అది నువ్వు సూడు" అన్నాడు. అంతే. నెలల తరబడి నేను ఎదురుచూసిన మాట అలా, బురదలో, ఏ ఆర్భాటమూ లేకుండా వచ్చింది. సంతోషపడటానికి అది సమయం కాదు. నేను మిగిలిన పానాల్లో ఒకటి తీసుకెళ్లి ఆ ఇంజను తల విప్పాను.

ఆ తర్వాతి రోజులన్నీ ఒకేలా గడిచాయి. పగలంతా ఇంజన్లు కడిగేవాళ్లం. దక్షిణపు దీవుల నుంచి ఓడల్లో మనుషులను తెస్తున్నారు. ఫోన్లు లేవు. నూకాలమ్మ పిన్ని పొద్దున్నే బయలుదేరి, ఓడ ఫీనిక్స్ బేకు వస్తుందంటే అక్కడికి, ఇంకో రేవుకు వస్తుందంటే అక్కడికి పరుగెత్తేది. దిగేవాళ్లలో హట్ బే వాళ్లు కనబడితే కూతురి గురించి అడిగేది. ఆయన ఒక్కరోజు కూడా వెళ్లలేదు. పిన్ని వెళ్లగానే ఒక చానల్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. నేను అప్పటికే కడిగి ఆరబెట్టి గ్రీజు రాసినదాన్నే మళ్లీ తుడిచి మళ్లీ రాసేవాడు. మొదట్లో నాకు కోపం వచ్చింది. కన్నకూతురు బతికుందో లేదో తెలియకపోతే, ఈయన ఇనుము తోముతున్నాడేమిటని. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేశాను.

"బాబాయ్, నువ్వు కూడా రేవుకి ఎల్లొచ్చు కదా?"

ఆయన చేతులు ఆగలేదు. "ఎల్లి ఏటని అడగను? సుజాత తండ్రినని ఏ మొకం పెట్టుకుని సెప్పను? పెళ్లికి రమ్మని ఆ గుంట ఇక్కడికొచ్చి పిలిచింది. నాను ఈ షెడ్డులోనే ఉన్నాను. తల ఎత్తలేదు." కాసేపు చానల్‌ను ముందుకీ వెనక్కీ ఆడించి, "ఆడపిల్లలకు ఏటీ తెలవదనుకున్నాను. దాని మీదా నమ్మకం లేదు, నీ మీదా లేదు. అందుకే నీకు ఈ సొరుగులు అప్పజెప్పినాను. ఇసుగొచ్చి నువ్వే ఎల్లిపోతావనుకున్నాను" అన్నాడు.

పక్కన కూర్చుని ఇంకో చానల్ అందుకున్నాను. ఇద్దరం చీకటి పడేదాకా అలాగే తుడిచాం. ఆ చేతులకు ఏదో ఒకటి పట్టుకోవడానికి ఉండాలని, లేకపోతే అవి ఆయనను బతకనివ్వవని నాకు ఆరోజు అర్థమైంది.

సుజాత వచ్చిన రోజు కూడా పిన్ని రేవులోనే ఉంది. ఆ జనంలో ఇద్దరూ ఒకరికొకరు కనబడలేదు. సుజాత ఎవరిదో ఆటో ఎక్కి నేరుగా ఇంటికి వచ్చి, ఇల్లు తాళం వేసుంటే షెడ్డుకు నడిచొచ్చింది. ఎవరిదో వదులు చీర, చెప్పుల్లేని కాళ్లు, జుట్టునిండా దుమ్ము. గోడలేని వైపు నుంచి లోపలికి వచ్చి, "నాన్నా" అంది.

ఆయన మోచేతుల దాకా గ్రీజులో ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. చీరకు మరక అవుతుందని కాబోలు, రెండు చేతులూ పక్కలకు బారజాపి, రెక్కలు తడిసిన పక్షిలా అలాగే ఉండిపోయాడు. సుజాత వచ్చి ఆయన ఛాతీ మీద తల పెట్టుకుంది. ఆయన చేతులు దించలేదు. ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. ముందు ఒక్క మాట అడిగాడు.

"అబ్బాయి బాగున్నాడా?"

సుజాత తలెత్తి చూసింది. అల్లుడి గురించి ఆయన నోటివెంట ఏ మాటైనా రావడం అదే మొదటిసారి. "బాగున్నాడు నాన్నా. వాళ్లమ్మకు కాలు విరిగింది. ఆమె దగ్గర క్యాంపులో ఉన్నాడు" అంది. "ఆమె బాగుందా? తిండి దొరుకుతోందా? ఇల్లు ఉందా?" అని ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉన్నాడు. కొన్నేళ్ల ప్రశ్నలన్నీ ఒక్కసారి అడిగేస్తున్నట్టుగా. సుజాత అన్నింటికీ జవాబు చెప్పింది. నేను బయటికి వచ్చి, పిన్నిని వెతకడానికి ఫీనిక్స్ బే వైపు పరుగెత్తాను.

అప్పటినుంచి ఆయన మారిపోయాడని చెబితే అబద్ధమవుతుంది. అదే గుర్రు, అదే చిరాకు. గ్రీజు ఎక్కువైతే అవే తిట్లు. నాకు ఇంజన్లు నేర్పేటప్పుడు తప్పు చేస్తే ఊరంతా వినేలా అరిచేవాడు. పంచిన పానాల్లో చాలా తిరిగొచ్చాయి. కొన్ని రాలేదు. సొరుగుల్లో వాటి చోట్లు ఖాళీగా ఉండేవి. ఆయన అడగలేదు. అల్లుడు మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఏమీ దొరక్క, చెరో చానల్ పట్టుకుని కడిగారు. ఆ తర్వాత కొన్నేళ్లకు లోపలి నుంచి తిన్న తుప్పుకు ఆ ఎర్ర పెట్టె అడుగు ఊడిపోయింది. పాతసామాను వాడికి వేసేశాం. నేను పెళ్లయి చౌల్దారీ వచ్చి, పంపుసెట్లు, టిల్లర్లు బాగుచేసే ఈ షాపు పెట్టుకున్నాను. షాపు తెరిచిన రోజు ఆయన బస్సులో వచ్చి, ఏమీ మెచ్చుకోకుండా నా సొరుగులన్నీ ఒక్కొక్కటే లాగి చూసి వెళ్లాడు. రెండేళ్ల కిందట సుజాత ఇంట్లో, నిద్రలోనే పోయాడు. పాడె మోసినవాళ్లలో అల్లుడు ముందున్నాడు.

ఒక్కటి మాత్రం నిజంగా మారింది. సుజాత వచ్చిన రోజు తర్వాత, షెడ్డుకు ఎవరు ఏ ఇంజను తెచ్చినా ఆయన ముందు దాన్ని ముట్టుకునేవాడు కాదు. "ఇంట్లో అందరూ బాగున్నారా?" అని అడిగేవాడు. ఊరికే మర్యాదకు కాదు. జవాబు వచ్చేదాకా ఆగేవాడు. అవతలివాడు తొందరలో ఉంటే విసుక్కునేవాడు కూడా. అయినా ఆయన అడగడం మానలేదు.

నేనూ అడుగుతాను. పోయిన వారం కొండ అవతలి నుంచి ఒక ముసలి రైతు పంపుసెట్టు తెచ్చాడు. చాలాకాలంగా తెలిసిన మనిషే. పంపు తిరగడం లేదన్నాడు. "సరే చాచా, చూద్దాం. ఇంట్లో అందరూ బాగున్నారా?" అన్నాను. ఆయన బాగున్నారని చెప్పబోయి ఆగాడు. స్టూలు మీద కూర్చున్నాడు. భార్యకు నెల రోజులుగా ఒంట్లో బాగులేదని, ఆస్పత్రికి రానంటోందని, కొడుకులకు చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుందని, ఒక్కొక్కటిగా చెప్పుకొచ్చాడు. వాన కురుస్తూనే ఉంది. నేను చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాను. పంపుసెట్టును ఆ రోజు విప్పలేదు. షట్టరు దించి, ఆమెను ఆస్పత్రికి తీసుకురావడానికి ఆయనతోపాటు బయలుదేరాను.